మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్ శిక్షణ ఎందుకంత ప్రాణాంతకం? గాస్‌పోర్ట్ పద్ధతి మార్చిందేమిటి?

పుస్తకాలపురుగు

మొదటి ప్రపంచ యుద్ధం నాటి వైమానిక దళాల గురించి ఏది తిరగేసినా ఒక లెక్క ఎదురవుతోంది. చనిపోయిన 14,000 మంది బ్రిటిష్ పైలట్లలో 8,000 మంది శిక్షణలోనే పోయారట. అంటే శత్రువు కంటే బడే ఎక్కువమందిని మింగిందన్నమాట. ఇది నమ్మొచ్చా?

రెండోది. 1917లో రాబర్ట్ స్మిత్-బారీ ఇంగ్లండ్‌లోని గాస్‌పోర్ట్‌లో కొత్త పద్ధతి పెట్టాడు, శిక్షణ బాగుపడింది అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఆ పద్ధతిలో ఏముందో చెప్పరు. ఇన్‌స్ట్రక్టర్ మాటను ట్రైనీ చెవికి చేర్చే గొట్టం గురించి మాత్రం తప్పకుండా రాస్తారు. గొట్టం పెట్టగానే చావులు ఆగిపోతాయా?

మూడోది. స్పిన్‌లో (విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడటం) పడితే ఇక అంతే అనుకునే రోజుల్లో దాన్ని కుర్రాళ్లకు పాఠంగా ఎలా నేర్పారు? కాళ్లూ చేతులూ ఏ వరుసలో కదపాలో కూడా చెబితే సంతోషం. ఫిజిక్స్ వచ్చినా ఫరవాలేదు, కాస్త వివరంగానే రాయండి.

తోకచక్రం

ముందు ఆ లెక్క సంగతి చూద్దాం, అది తప్పు కాబట్టి. యుద్ధం మొత్తంలో బ్రిటిష్ వైమానిక దళాల్లో అన్ని కారణాల వల్లా చనిపోయినవాళ్లూ ఆచూకీ దొరకనివాళ్లూ కలిపితేనే తొమ్మిది వేల పైచిలుకు. 14,000 చావులే లేనప్పుడు అందులో 8,000 ఎక్కడి నుంచి వస్తాయి? ఒకరు రాసింది మరొకరు ఎత్తి రాసుకుంటూ పోయారు, అంతే. శిక్షణలో పోయినవాళ్లు తక్కువేమీ కాదు, ఆ సంగతి వాళ్ల పై అధికారులకే తెలుసు. కానీ సగానికి పైగా అన్నది నిలబడదు.

ఎందుకు పోయారన్నది అసలు విషయం. 1917కు ముందు నేర్పే తీరులు ముఖ్యంగా రెండు.

ఫ్రాన్స్‌లో బ్లేరియో బడి తీరు ఒకటి. అందులో ట్రైనీతో పాటు ఎవరూ ఎక్కరు, మొదటి రోజు నుంచీ ఒంటరే. రెక్కలు కత్తిరించిన బ్లేరియో విమానం ఒకటి ఇస్తారు, దాని ముద్దుపేరు పెంగ్విన్. ఇంజిన్ ఎంత పెంచినా అది నేల విడవదు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి తిన్నగా పరిగెత్తించడమే పాఠం. వినడానికి తేలికే. తోక లేచాక దిశ నిలబెట్టేది రడ్డర్ (కాలితో కదిపే తోక పలక) ఒక్కటే. కాలు నొక్కాక ముక్కు కదలడానికి ఓ క్షణం పడుతుంది, ఆ క్షణంలో ట్రైనీ కంగారుగా ఇంకాస్త నొక్కేస్తాడు. తీరా ముక్కు తిరగడం మొదలయ్యాక ఆపలేడు. విమానం బొంగరంలా ఓ చుట్టు చుట్టి ఒక రెక్క మీదికి ఒరిగిపోతుంది. నొక్కడం, వెంటనే వదలడం, ఎదురు కాలితో చిన్నగా తట్టడం. ఇది ఒంటికి పట్టేదాకా అదే పని. ఆ తర్వాత కాస్త ఎగరగలిగే యంత్రంలో ఒకటి రెండు మీటర్ల ఎత్తు గెంతులు, తర్వాత పూర్తి చుట్టు, ఇంజిన్ తగ్గించి మెలికలు తిరుగుతూ దిగడం, చివర్లో మూడు ఊళ్ల త్రికోణ ప్రయాణం. పో, అవోర్ బడులు ఇలాగే నడిచాయి. నేల మీద చేసే తప్పులు విరిగిన చక్రంతో పోతాయి కాబట్టి ఆ మేరకు తెలివైన పద్ధతే. గాలిలో చేసే తప్పు దిద్దడానికి మాత్రం పక్కన మనిషి ఉండడు.

బ్రిటిష్ తీరు రెండోది. మనిషి ఉంటాడు గానీ ఉన్నా లేనట్టే. తొలినాటి బాక్స్‌కైట్‌లో ట్రైనీ ఇన్‌స్ట్రక్టర్ వెనక కూర్చుని, ఆయన భుజం మీదుగా చెయ్యి చాచి స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) పట్టుకోవాలి. తర్వాత వచ్చిన మారిస్ ఫార్మన్‌లలో రెండు జతల కంట్రోల్స్ ఉన్నా, ఇంజిన్ మోతలో మాట వినపడదు. ఇన్‌స్ట్రక్టర్లు చాలామంది యుద్ధరంగంలో నరాలు అరిగిపోయి విశ్రాంతికని వచ్చినవాళ్లు, లేదంటే నిన్నగాక మొన్న పైలట్లయి రెక్కల బ్యాడ్జీ తగిలించుకున్నవాళ్లు. నేర్పడం ఎలాగో వాళ్లకెవరూ నేర్పలేదు. ట్రైనీలకు వాళ్లు పెట్టిన పేరు "హన్". అది శత్రువైన జర్మన్‌ని తిట్టే మాట, ట్రైనీ కూడా అంతే ప్రమాదకారి అని భావం. అలాంటి మనిషి తన ప్రాణం ట్రైనీ చేతిలో పెడతాడా? స్టిక్ వదిలేవాడు కాదు. ట్రైనీ చెయ్యి ఆనించి ఉంచేవాడు, తాను నడుపుతున్నానో ఆయన నడుపుతున్నాడో తెలియకుండానే రెండు మూడు గంటలు గడిచేవి, తర్వాత సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి, తోసేవారు.

1916లో రెక్కల బ్యాడ్జీకి పెట్టిన పరీక్ష చూస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. 15 గంటల సోలో, దూరప్రయాణం ఒకటి, 6,000 అడుగులకు ఎక్కి 15 నిమిషాలు ఉండటం, ఇంజిన్ ఆపి 50 గజాల వృత్తంలో దిగటం, రాత్రి దీపాల వెలుగులో రెండుసార్లు దిగటం. ఇందులో రెక్కలు నిటారుగా వాల్చి తిరిగే మలుపు లేదు, స్టాల్ (రెక్క గాలి పట్టు కోల్పోవడం) లేదు, స్పిన్ లేదు, పక్కగాలిలో దిగటం లేదు. అవి ప్రమాదం కాబట్టి వాటి జోలికి పోవద్దని చెప్పడమే పాఠం. తీరా ఫ్రాన్స్ చేరాక మొదటి గాలిపోరులోనే అవన్నీ ఒకేసారి చెయ్యాల్సి వచ్చేది.

స్మిత్-బారీ 1916లో ఫ్రాన్స్‌లో 60వ స్క్వాడ్రన్ నాయకుడు. ఇలా వచ్చిన కుర్రాళ్లు వచ్చినట్టే పోతుంటే పైవాళ్లకు ఘాటుగా ఉత్తరాలు రాశాడు. అయితే నువ్వే నేర్పి చూపించు అని గాస్‌పోర్ట్ అప్పగించారు. అక్కడ ఆయన చేసినవాటిలో నా దృష్టిలో ముఖ్యమైనది కుర్చీ మార్పు. ట్రైనీని మొదటి నుంచీ పైలట్ సీట్లోనే కూర్చోబెట్టాడు. ఇన్‌స్ట్రక్టర్ రెండో సీటుకు మారాడు. సోలో రోజున ట్రైనీకి చూపు కోణం, వేగం, ఎత్తు చూపే మీటర్ల చోటు, చేతికందే మీటలు ఏవీ మారవు, ముందున్న తల ఒక్కటే మాయమవుతుంది. రెండోది, సోలో తర్వాత డ్యూయల్ (ఇద్దరూ కలిసి ఎగరడం) ఆపలేదు. కాసేపు ఒంటరిగా, మళ్లీ ఇన్‌స్ట్రక్టర్‌తో, మళ్లీ ఒంటరిగా. లేదంటే సోలోలో పుట్టుకొచ్చే చెడ్డ అలవాట్లు ఎవరి కంటా పడవు. మూడోది, ట్రైనీని ప్రమాదానికి దూరంగా ఉంచడం మానేశాడు. ప్రమాదంలోకి తీసుకెళ్లి, బయటపడటం చూపించి, వెళ్లి ఒక్కడివే చేసి రా అని పంపాడు.

వీటన్నిటికీ ఒకే యంత్రం ఎంచుకున్నాడు: ఆవ్రో 504జే, 100 హార్స్‌పవర్ మోనోసుపాప్ ఇంజిన్. ఫార్మన్ లాంటి బండెద్దు విమానం తప్పు చేసినా ఊరుకుంటుంది. ఆవ్రో ఊరుకోదు, రడ్డర్ బద్ధకంగా వాడితే ముక్కు పక్కకు జారి గాలి చెంపకు కొడుతుంది. అంతే తొందరగా దిద్దుబాటుకూ లొంగుతుంది. చక్రాల మధ్య ముందుకు పొడుచుకొచ్చిన చెక్క స్కిడ్ ఉంటుంది కాబట్టి మొరటుగా దించినా ముక్కు నేలకు గుచ్చుకోదు.

ఇక గొట్టం. రబ్బరు గొట్టం, ఒక చివర ఇన్‌స్ట్రక్టర్ నోటి దగ్గర గరాటు, మరో చివర చీలి ట్రైనీ హెల్మెట్‌లో రెండు చెవులకు. డాక్టరు స్టెతస్కోప్ లాంటిదే, బ్యాటరీ అక్కర్లేదు. గొట్టం కంటే అందులోంచి వెళ్లే మాట ముఖ్యం. ప్రతి విన్యాసానికీ చేతి కదలికతో పాటే చెప్పే మాటల వరుస ఒకటి తయారుచేశారు, దానికి "ప్యాటర్" అని పేరు. అన్నిచోట్లా ఒకే మాటలు, ఒకే వరుస. ఇన్‌స్ట్రక్టర్లకే ముందు అది నేర్పారు. 1917 ఆగస్టులో గాస్‌పోర్ట్ పేరు స్కూల్ ఆఫ్ స్పెషల్ ఫ్లయింగ్ అయింది, అక్కడ చదువుకున్నది ట్రైనీలు కాదు, ఇన్‌స్ట్రక్టర్లే.

సూదీబంతీ

స్పిన్ గురించి నేను రాస్తాను.

"స్పిన్ అంటే చావే" అన్నది కూడా సగమే నిజం. 1912 ఆగస్టు 25న ఇంగ్లండ్‌లోని లార్క్‌హిల్ దగ్గర లెఫ్టినెంట్ విల్‌ఫ్రెడ్ పార్క్ ఆవ్రో విమానంలో సుమారు 700 అడుగుల నుంచి స్పిన్‌లో పడ్డాడు. తిరుగుతున్న వైపే రడ్డర్ పెట్టాడు, స్టిక్ లాగాడు, ఏదీ పనిచేయలేదు. చివరికి రడ్డర్ ఎదురు వైపు నొక్కితే విమానం ఆగి చేతికొచ్చింది. అప్పటికి నేల సుమారు 50 అడుగుల దూరంలో ఉంది. కిందినుంచి చూసినవాళ్లలో తెలిసినవాళ్లు ఉండటంతో ఆ సంగతి వెంటనే అచ్చయింది. అయినా అది అందరి చేతుల్లోకి రావడానికి ఏళ్లు పట్టింది. పార్క్ ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఇంకో ప్రమాదంలో చనిపోయాడు. 1917లో ఫార్న్‌బరోలో ఫ్రెడరిక్ లిండెమాన్ అనే భౌతికశాస్త్రవేత్త తానే ఎగరడం నేర్చుకుని, కావాలని స్పిన్‌లోకి వెళ్లి, తిరుగుతూనే మీటర్లు చదివి లెక్క తేల్చాడు. స్పిన్‌లో వాయువేగం పెరగదు, తక్కువలోనే నిలిచిపోతుంది. డైవ్‌కీ స్పిన్‌కీ తేడా అక్కడుంది.

ఎందుకు తిరుగుతుంది? రెక్క గాలిని ఎదుర్కొనే కోణం ఒక హద్దు దాటితే, సుమారు 15 డిగ్రీలనుకోండి, పైభాగాన గాలి అంటుకుని సాగడం మానేసి చెదిరిపోతుంది. అదే స్టాల్. అప్పుడే విమానం కాస్త పక్కకు తిరుగుతూ ఉంటే ఒక రెక్క ముందు వాలుతుంది. వాలుతున్న రెక్కకు గాలి కిందినుంచి తగులుతుంది కాబట్టి దాని కోణం ఇంకా పెరుగుతుంది: ఎత్తే బలం తగ్గి, వెనక్కి లాగే బలం పెరుగుతుంది. లేస్తున్న రెక్కకు ఇదంతా తలకిందులు. అంటే వాలినదాన్ని గాలి ఇంకా వాలుస్తుంది, లేచినదాన్ని ఇంకా లేపుతుంది. ఇక ఎవరూ తిప్పక్కర్లేదు.

ఇక్కడే మనిషి సహజ బుద్ధి రెండు తప్పులు చేయిస్తుంది. ముక్కు నేలవైపు ఉంది కదా అని స్టిక్ లాగుతాడు, దాంతో కోణం హద్దు పైనే ఉండిపోతుంది, స్టాల్ వదలదు. రెక్క వాలింది కదా అని స్టిక్ ఎదురు పక్కకు కొడతాడు, అప్పుడు వాలిన రెక్క మీది ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందికి దిగి ఆ రెక్క కోణం మరింత పెంచుతుంది. రెండూ స్పిన్‌కి మేతే.

బయటపడే వరుస, సాధారణ ట్రైనర్ విమానానికి: థ్రాటిల్ పూర్తిగా మూసెయ్యాలి, ఇంజిన్ బలం ముక్కును పైకి లేపి స్పిన్‌ను బల్లపరుపు చేస్తుంది. ఎయిలరాన్లు మధ్యలో. ఏ వైపు తిరుగుతున్నామో టర్న్ సూది (మలుపు చూపే మీటరు ముల్లు) చూసి తేల్చుకోవాలి, కళ్లను నమ్మకూడదు, బంతిని (అదే మీటరులో పక్కకు జారడం చూపే గుండు) అసలే నమ్మకూడదు. సూదికి ఎదురు కాలు చివరికంటా నొక్కాలి. ఒక్క క్షణం ఆగి, స్టిక్‌ను తిన్నగా ముందుకు తోస్తూ పోవాలి, తిరగడం ఆగేదాకా. ఆగిన మరుక్షణం రడ్డర్ మధ్యకు. అప్పుడు రెక్కలు సమం చేసి, డైవ్‌లోంచి మెల్లగా లాగాలి. కొన్ని విమానాలకు వరుస వేరుగా ఉంటుంది, ఆ విమానం పుస్తకంలో ఏది రాస్తే అదే.

ఎక్కడ చెడుతుందంటే, ఆ "ఒక్క క్షణం" మింగేసి రడ్డర్ కంటే ముందే స్టిక్ తోస్తే, చాలా విమానాల్లో ఎలివేటర్ (స్టిక్ తోస్తే కదిలే తోక పలక) రడ్డర్‌కు తగిలే గాలిని అడ్డుకుంటుంది, తిరగడం ఇంకా వేగమవుతుంది. కొత్తవాడు అది చూసి పద్ధతి పనిచేయడం లేదనుకుని వదిలేస్తాడు. రెండో చోటు, ఆగాక రడ్డర్ మధ్యకు తేకపోవడం. ఎదురు వైపు స్పిన్ మొదలవుతుంది. మూడోది, నేల దగ్గరైందని గట్టిగా లాగడం. మళ్లీ స్టాల్. ఇవన్నీ అయ్యేందుకు ఎత్తు కావాలి, అందుకే పాఠం మొదలుపెట్టే ముందే కోలుకున్నాక కింద కనీసం 3,000 అడుగులు మిగిలేలా లెక్క వేసుకుంటారు.

ట్రైనీకి మొదట చూపించేది స్పిన్ కూడా కాదు. స్పిన్‌కి ముందు వచ్చే గుర్తులు: గాలి చప్పుడు తగ్గడం, స్టిక్ మెత్తబడటం, విమానం వణకడం. అవి ఒంటికి తెలిస్తే సగం పాఠం అయినట్టే.

పుస్తకాలపురుగు

సూదీబంతీ గారూ, తోకచక్రం గారూ, ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు. రెండు చిన్న ప్రశ్నలు. స్పిన్‌కి ఎత్తు కావాలంటున్నారు, మరి టేకాఫ్‌లో ఇంజిన్ ఆగితే? అప్పుడు ఎత్తు ఉండదు కదా. రెండు, మేఘంలో ఉండి నేల కనిపించకపోతే ఇదంతా ఎలా?

తోకచక్రం

మొదటిదానికి: ఎత్తు లేదు కాబట్టే వెనక్కి తిరగకూడదు. ఆనాటి చావుల్లో ఇదొక పెద్ద వాటా. రెండు మూడు వందల అడుగుల దగ్గర ఇంజిన్ నోరు మూసుకుంటుంది, మైదానం వెనకే కనిపిస్తుంటుంది, ముందేమో చెట్లూ కంచెలూ. మనసు వెనక్కి లాగుతుంది. వేగం పోతున్న విమానాన్ని నిటారుగా తిప్పితే లోపలి రెక్క స్టాల్, స్పిన్, అయిపోయింది. నేర్పేది ఒక్కటే: ముక్కు దించు, వేగం నిలుపుకో, ఎదురుగా ఉన్నదాంట్లో దిగు. విమానం విరుగుతుంది, మనిషి మిగులుతాడు.

ఇంజిన్ ఎందుకు ఆగేదో కూడా చెప్పాలి. రోటరీ ఇంజిన్‌లో సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటే గిర్రున తిరుగుతాయి. సాప్‌విత్ క్యామెల్ అనే ఫైటర్‌లో టేకాఫ్ అయిన కాసేపటికి పెట్రోల్ మోతాదు సన్నగా తగ్గించాలి, తగ్గించకపోతే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. సరిగ్గా అదే సమయంలో ఆ తిరిగే బరువు బొంగరం గుణం చూపిస్తుంది: కుడికి తిరిగితే ముక్కు దిగుతుంది, ఎడమకు తిరిగితే లేస్తుంది, రెండింటికీ ఎడమ రడ్డర్ కావాలి. ఆవ్రో నుంచి నేరుగా ఒంటి సీటు క్యామెల్‌కి మారిన కుర్రాడికి ఒక చేత్తో మీట, ఒక చేత్తో స్టిక్, కాలితో రడ్డర్, అంతా నేల పక్కనే. 1918లో కొన్ని క్యామెల్స్‌ను పెట్రోల్ ట్యాంకు తగ్గించి రెండు సీట్లుగా మార్చింది అందుకే.

ఇంకొకటి, ఇంజిన్ తగ్గించడానికి స్టిక్ మీది బటన్‌తో స్పార్క్ ఆపేవారు. పెట్రోల్ మాత్రం పోతూనే ఉంటుంది. బటన్ ఎక్కువసేపు పట్టుకుంటే కాలని పెట్రోల్ ఇంజిన్ మూత కింద పోగై, వదలగానే భగ్గుమంటుంది. ఇది కూడా పాఠమే.

సూదీబంతీ

మేఘం ప్రశ్న మంచిది, ఎందుకంటే గాస్‌పోర్ట్ పద్ధతికి అందనిది అదే. చూపించి నేర్పడానికి అక్కడ చూసేదేమీ ఉండదు.

చెవి లోపలి గొట్టాల్లో ద్రవం ఉంటుంది. తల తిరిగితే అది వెనకబడుతుంది, తిరుగుతున్నామని మెదడుకు అలా తెలుస్తుంది. ఒకే మలుపులో 20 సెకన్లు ఉంటే ద్రవం కూడా అదే వేగం అందుకుంటుంది, కబురు ఆగిపోతుంది, తిన్నగా పోతున్నామనిపిస్తుంది. అప్పుడు నిజంగా తిన్నగా చేస్తే ఎదురు వైపు తిరుగుతున్నట్టుంటుంది. పైలట్ "సరిచేసి" మళ్లీ పాత మలుపులోకే పోతాడు. ముక్కు జారుతుంది, వేగం పెరుగుతుంది, స్టిక్ లాగుతాడు, మలుపు బిగుసుకుంటుంది.

అమెరికా సైన్యంలో విలియం ఆకర్‌ను 1926లో గుండ్రంగా తిరిగే బరానీ కుర్చీలో కళ్లకు గంతలు కట్టి తిప్పారు. ఎటు తిరుగుతున్నాడో తప్పు చెప్పాడు. ఆయన ఊరుకోకుండా ఒక పెట్టెలో టర్న్ సూదీ చిన్న దీపమూ పెట్టి, దాంట్లోకి చూస్తూ కూర్చున్నాడు. ఈసారి అన్నీ సరిగ్గా చెప్పాడు. పైలట్లకు ఎంత చెప్పినా ఎక్కని సంగతి ఆ కుర్చీ రెండు నిమిషాల్లో ఎక్కించింది, అందుకే అది శిక్షణలో ఈనాటికీ ఉంది. 1929 సెప్టెంబర్ 24న మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ అనే అమెరికా పైలట్ మూసిన కాక్‌పిట్‌లో మీటర్లు మాత్రమే చూసి ఎక్కి, తిరిగి, దిగాడు. రెండో సీట్లో భద్రత కోసం మరో పైలట్ ఉన్నాడు, కంట్రోల్స్ ముట్టుకోలేదు.

ఆ మీటర్లు చదివే వరుస హోవర్డ్ స్టార్క్ అనే పైలట్ పెట్టింది: ఒకటి సూది, రెండు బంతి, మూడు వాయువేగం. సూదిని రడ్డర్‌తో మధ్యకు తెచ్చి మలుపు ఆపు, రెక్కల్ని ఎయిలరాన్‌తో సమం చెయ్యి, ఆ తర్వాతే ఎలివేటర్‌తో వేగం. వేగం పెరుగుతోందని మూడోది ముందు చేస్తే పైన చెప్పిన బిగుసుకునే మలుపే. వరుసే మందు.

దీన్ని నేల మీదే నేర్పే పెట్టెను ఎడ్విన్ లింక్ 1929 నాటికే తయారుచేశాడు. వాళ్ల నాన్నది బింగ్‌హామ్టన్‌లో పియానోలూ ఆర్గన్లూ చేసే కర్మాగారం. ఆర్గన్‌లో గాలి నింపే తోలు తిత్తుల్నే ట్రైనర్ కింద పెట్టాడు. స్టిక్ కదిపితే కవాటం తెరుచుకుని ఒక తిత్తి ముడుచుకుంటుంది, ఎదురుది విచ్చుకుంటుంది, పెట్టె వాలుతుంది. సైన్యం పట్టించుకోలేదు, వినోదశాలలకు అమ్ముకున్నాడు. 1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం విమాన టపా పనిని సైన్యానికి అప్పగించింది. చలికాలం, రాత్రులు, మేఘాలు, మీటర్లు చూసి ఎగరడం రాని పైలట్లు. కొద్ది వారాల్లో 12 మంది చనిపోయారు. ఆ ఏడాదే ఆరు లింక్ ట్రైనర్లు కొన్నారు, ఒక్కోటి సుమారు 3,500 డాలర్లు.

మూత వేశాక లోపల చీకటి, మీటర్ల వెలుగు, చెవిలో ఇన్‌స్ట్రక్టర్ గొంతు. పక్కన బల్ల మీది మ్యాప్ అద్దంపై మూడు చక్రాల "పీత" పాకుతుంటుంది, ఒక చక్రానికి సిరా. ట్రైనీ ఎక్కడెక్కడ దారి తప్పాడో గీతగా మిగులుతుంది, వాదించడానికి లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి లక్షలమంది ఆ నీలిపెట్టెలో కూర్చున్నారు.

వాయువేగం

అంతా బాగుంది గానీ, పద్ధతి మంచిదైతే పైలట్లు తయారైపోతారన్నట్టు సాగుతోంది చర్చ. రెండో ప్రపంచ యుద్ధంలో తేల్చింది పద్ధతి కాదు, పెట్రోలూ ఇన్‌స్ట్రక్టర్లూ. జర్మన్ బళ్లలో నేర్పడం రానివాళ్లేమీ లేరు. 1942 దాకా ఒక్కో పైలట్‌కి 200 గంటల పైన శిక్షణ ఇచ్చారు. అయితే 1942లో డెమ్యాన్స్క్, ఆ చలికాలం స్టాలిన్‌గ్రాడ్ ముట్టడుల్లో చిక్కిన సైన్యాలకు సరుకు చేరవేయడానికి బళ్లలోని యుంకర్స్ 52 విమానాల్నీ వాటి ఇన్‌స్ట్రక్టర్లనీ పట్టుకుపోయారు. అవి బహుళ ఇంజిన్లూ మీటర్ల ఎగురుడూ నేర్పే బళ్లు. విమానం మళ్లీ కట్టొచ్చు, ఇన్‌స్ట్రక్టర్‌ని ఎక్కడ కడతారు? 1944 రెండో సగానికి గంటలు సుమారు 110కి దిగాయి. ఎదురుగా వచ్చే బ్రిటిష్, అమెరికన్ పైలట్లకు 300 పైనే. ఆ శీతాకాలం జర్మన్ ఫైటర్ పైలట్లకు మేఘం కూడా శత్రువే.

కెనడాలో చూడండి. 1939 డిసెంబర్ 17న సంతకమైన కామన్వెల్త్ ఎయిర్ ట్రైనింగ్ ప్లాన్ 131,553 మంది సిబ్బందిని తయారుచేసింది, అందులో పైలట్లు దాదాపు 50,000. శత్రువిమానం చేరలేని ఆకాశం, ఆగని పెట్రోలు. టైగర్ మాత్ లాంటి తేలిక విమానంలో సుమారు 50 గంటలు, తర్వాత ఒంటి ఇంజిన్ వాళ్లు హార్వర్డ్ అనే విమానానికి, మిగతావాళ్లు రెండు ఇంజిన్ల యాన్సన్, ఆక్స్‌ఫర్డ్ విమానాలకి. హార్వర్డ్‌ను ఎంచుకోవడం మాత్రం గాస్‌పోర్ట్ బుద్ధే. స్టాల్‌లో పెద్దగా చెప్పకుండా రెక్క వాల్చేస్తుంది, దిగి పరిగెత్తేటప్పుడు కాళ్లు ఏమరుపాటుగా ఉంటే గిర్రున తిరుగుతుంది. దాన్ని లొంగదీసినవాడికి స్పిట్‌ఫైర్ ఫైటర్ కొత్తగా అనిపించదు.

"ప్రమాదాన్ని చూపించి నేర్పాలి" అన్న సూత్రానికి హద్దు ఉందని కూడా ఒప్పుకోవాలి. యుద్ధం తర్వాత బ్రిటన్ మీటియర్ జెట్‌లు వాడింది. రెండు ఇంజిన్లు రెక్కల మీద దూరదూరంగా ఉంటాయి, ఒకటి ఆగితే రెండోది విమానాన్ని పక్కకు తిప్పేస్తుంది. ఆ పరిస్థితి నేర్పాలని ఇన్‌స్ట్రక్టర్లు కావాలనే ఒక ఇంజిన్ ఆపి దింపించేవారు. వేగం ఒక హద్దు కన్నా తగ్గాక రడ్డర్ పూర్తిగా నొక్కినా చాలదు, ట్రైనీ కాలు అలిసి జారితే విమానం తిరగబడుతుంది, నేల పక్కనే. నిజంగా ఇంజిన్ చెడి పోయినవాళ్ల కంటే ఆ సాధనలో పోయినవాళ్లే ఎక్కువ. బ్రిటిష్ వైమానిక దళం పోగొట్టుకున్న మీటియర్లు మొత్తం 890, పైలట్లు సుమారు 450. అన్నిటికీ ఇదే కారణం కాదు, కానీ ఇదొక పెద్ద కారణం. స్మిత్-బారీ దగ్గర ప్రమాదం ఎత్తులో జరిగింది, ఇక్కడ నేల పక్కన జరిగింది.

తోకచక్రం

ఒప్పుకుంటున్నాను వాయువేగం గారూ. గాస్‌పోర్ట్‌లో కూడా ఎత్తే అసలు సరుకు, నేనది గట్టిగా రాయాల్సింది. ఒక ఇంజిన్ ఆపి చేసే సాధనను ఇప్పుడు సిమ్యులేటర్‌లోకి నెట్టడానికి కారణం కూడా ఇదే, లింక్ పెట్టె అక్కడ గాస్‌పోర్ట్‌ని గెలిచింది. పోరు శిక్షణలో మాత్రం స్మిత్-బారీ మాటే నడుస్తోంది. వియత్నాంలో మొదటి పది పోరాటాలు దాటినవాళ్లు బతికే అవకాశం బాగా పెరుగుతోందని గమనించి, ఆ పదీ ఇంట్లోనే చేయిద్దామని అమెరికా 1975లో నెల్లిస్ వైమానిక స్థావరంలో రెడ్ ఫ్లాగ్ అనే ఉత్తుత్తి పోరు సాధన మొదలుపెట్టింది.

పుస్తకాలపురుగు

అందరికీ ధన్యవాదాలు. మీటియర్ గురించి చదువుతుంటే "ఫాంటమ్ డైవ్" అని కూడా వస్తోంది. అది ఒక ఇంజిన్ ఆపడం వల్ల వచ్చేదేనా, వేరా?

వాయువేగం

వేరు. రెండు ఇంజిన్లూ బాగున్నా వస్తుంది. దిగడానికి చుట్టు తిరుగుతూ ఎయిర్‌బ్రేక్‌లు (వేగం తగ్గించే పలకలు) తెరిచి ఉండగానే చక్రాలు దించితే, రెండు చక్రాల కాళ్లూ ఒకేసారి దిగవు, విమానం కాస్త పక్కకు జారుతుంది. ఎయిర్‌బ్రేక్‌ల వెనక చెదిరిన గాలి తోక మీద పడి ఎలివేటర్ పట్టు పోతుంది, ముక్కు ఉన్నట్టుండి కిందికి పడుతుంది. ఆ ఎత్తులో కోలుకోవడానికి చోటుండదు. రెండు సీట్ల మీటియర్ టీ.7 రకానికి ఇది ఎక్కువ. నివారణ మాత్రం ఒక్క పంక్తి: ఎయిర్‌బ్రేక్‌లు లోపలికి, అవి మూసుకున్నాయని చూసుకున్నాక చక్రాలు.